అవ్వ మెచ్చిన ఆబకూక్

మా మేడమీద అద్దెకుంటున్న టీచరుగారి చిన్నమ్మాయి పోయిన ఆదివారం సాయంత్రం సెల్‌ఫోను పట్టుకుని దిగివచ్చి, చర్చిలో పిల్లలకి కంఠస్థం పోటీ పెట్టారు, నేను ఒప్పజెబుతాను, తప్పులుంటే చెప్పండి పాట్టీ అని, ఇక్కడ అవ్వని అట్లాగే పిలుస్తారు, ఆ ఫోను నా చేతిలో పెట్టింది. ఏ పుస్తకమే అని అడిగితే, బైబిల్లో పాత నిబంధన చివర చిన్న ప్రవక్తలని పన్నెండుమంది ఉన్నారు, వాళ్ళలో ఆబకూక్ అని ఒకాయన, ఆయన మీకు తెలిసుండడులెండి అంది. నాకు నవ్వు ఆగలేదు. ఫోను తిరిగి దాని చేతికే ఇచ్చేసి, నువ్వే చూస్తుండు అని చెప్పి, కళ్ళు మూసుకుని మొదటి అధ్యాయం మొదటి మాట నుంచి మూడో అధ్యాయం చివరి మాట దాకా తమిళంలో ఒక్క గుక్కలో చెప్పేశాను. ఒక్క గుక్క అన్నది మాటవరసకి, ఈ వయసులో మధ్యలో రెండుసార్లు మంచినీళ్ళు తాగాను. ఆ పిల్ల తెరమీద వేలు జరుపుకుంటూ చివరిదాకా చూసి, నోరు తెరిచి, మీరు చర్చికే రారు కదా పాట్టీ, మీకిదెట్లా వచ్చింది అని అడిగింది. దానికి రెండు ముక్కల్లో ఏదో చెప్పి పంపించేశాను గాని అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. నా ఈడువాళ్ళకైతే తీరిగ్గా చెప్పుకోవచ్చు, వినే ఓపికా ఉంటుంది.

మాది తమిళసీమలో రాజపాళయం పక్కన చోళపురం. నాయకరాజుల కాలంలో వచ్చి ఈ నల్లరేగడి నేలమీద స్థిరపడ్డ తెలుగు సేద్యగాళ్ళ కుటుంబం. ఇంట్లో మాట తెలుగు, బయట మాట తమిళం, చదువంతా తమిళమే. ఆంధ్రదేశం మొహం చూసినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ఉద్యోగంలో చేరాక, వేసవి సెలవుల్లో, నా అంతట నేను పట్టుబట్టి కూర్చుని. కాబట్టి ఎక్కడన్నా తప్పులు దొర్లితే దిద్దుకుని చదవండి, ఉత్తరాలు రాసి మాత్రం నన్ను దిద్దవద్దు, నాకు కోపం తొందరగా వస్తుంది. ఆ కోపం మా అవ్వ దగ్గర నుంచి వచ్చింది, ఈ కథంతా ఆ కోపం గురించే అనుకున్నా తప్పులేదు.

ఆబకూక్‌ని తెలుగు బైబిల్లో హబక్కూకు అంటారని చాలా ఏళ్ళకి తెలిసింది. యూదుల ప్రవక్తల్లో చాలా చిన్నవాడు, ఆయన పుస్తకం మొత్తం మూడే అధ్యాయాలు. ఆయన ఎవరి కొడుకో, ఏ ఊరివాడో కూడా అందులో రాసిలేదు. తక్కిన ప్రవక్తలు దేవుడు చెప్పిన మాటని తెచ్చి జనానికి చెబితే, ఈయన జనం మాటని తీసుకుపోయి దేవుణ్ణే నిలదీశాడు. ఎంతకాలం మొరపెట్టాలి, ఎందుకు వినవు, ఊరంతా అన్యాయమైపోతుంటే చూస్తూ ఊరుకుంటావేం అని మొదటి మాటే తగాదాతో మొదలుపెడతాడు. దేవుడు జవాబు చెబుతాడు. ఆ జవాబు నచ్చక ఈయన మళ్ళీ అడుగుతాడు. అడిగి, కావలి గోపురం ఎక్కి నిలబడి, ఏం చెబుతావో చెప్పు, ఇక్కడే ఉంటాను అంటాడు. చివరికి మూడో అధ్యాయంలో ఆయన మనసు ఒక తీరానికి చేరుతుంది. ఎట్లా చేరుతుందో ముందే చెప్పను, మా అవ్వకి ఆ తీరం దగ్గరే పేచీ వచ్చింది.

నేను ఎనిమిదో తరగతి చదువుతున్న ఏడు ఐపసిలో, అంటే దీపావళి నెలలో, రావలసిన వాన రాలేదు. పడమటి కొండల మీద మబ్బు పట్టడం, మా ఊళ్ళో అందరం తలలెత్తి చూడటం, సాయంత్రానికి అది అట్లాగే చెదిరిపోవడం, ఇదే తంతు నెలరోజులు. పత్తి మోకాలెత్తు లేవకుండానే ఎండిపోయింది, నువ్వుల చేనులో పశువులని వదిలేశారు, బావిలో బొక్కెన వేస్తే బురద వచ్చేది. కార్తీకంలో ఊరి ఆడవాళ్ళు కొడుంపావి లాగారు. ఇది తెలియనివాళ్ళకి చెబుతాను. వాన రాకపోతే గడ్డితో ఒక పాపిష్టి మనిషి బొమ్మ చేసి, దాన్ని చచ్చిన శవంలాగా వీధులన్నీ ఈడ్చి, ఆడవాళ్ళు వెంట నడుస్తూ గుండెలు బాదుకుని శోకాలు పెడతారు, ఆ ఏడుపు విని పైవాడికి జాలి పుట్టి వాన పంపుతాడని. మా ఊళ్ళో ఆ శోకాలకి మా అవ్వే పెద్ద. నాయనకి తల్లి ఆమె, పొట్టి మనిషి, గొంతు మాత్రం సేత్తూరు దాకా వినిపిస్తుందని అందరూ ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె ఏడవడంతో ఊరుకునేది కాదు, దేవుణ్ణి పేరు పెట్టి తిట్టేది. కళ్ళు మూసుకున్నావా, చెవుల్లో పత్తి పెట్టుకున్నావా, ఆ పత్తన్నా మా చేలో పండించరాదా అని ప్రతి మాటకీ ఒక చెయ్యి విసురు, ప్రతి వరసకీ తొడమీద ఒక చరుపు. ఆ ఏడు ఎంత తిట్టినా వాన రాలేదు.

సంక్రాంతి వచ్చే తై నెలకి నాయన ఒక నిర్ణయానికి వచ్చాడు. రాజపాళయం పక్కన గాయాలకి కట్టే పలచటి గుడ్డ నేసే తరిశాలలు అప్పటికే చాలా ఉండేవి, మా వైపు మగ్గాన్ని తరి అంటాం. అందులో ఒకచోట మా ఇంటినుంచి ఒక మనిషిని పంపుతామని, బడి ఏడాది ముగియగానే నన్ను చేర్చేట్టుగా, నాయన మాట ఇచ్చివచ్చాడు. ఆడపిల్ల ఎనిమిది చదివింది, చాల్లే అన్నాడు. కోపంగా అనలేదు, తల వంచుకుని అన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. నాకు చదువంటే పిచ్చి, లెక్కల్లో క్లాసుకి మొదటిదాన్ని, టీచరునవుతానని గోడలకి పాఠాలు చెప్పేదాన్ని. ఆ రాత్రి ఆ గోడల వైపు చూడలేకపోయాను.

మేము చదివింది రాజపాళయంలో ఒక మిషన్ ఆడపిల్లల బడి. ఆ బడిలో ఒక ఆనవాయితీ ఉండేది. బడి ఏడాది ముగిసే వారంలో కంఠస్థం పోటీ పెట్టి, బైబిల్లో ఒక పుస్తకం మొత్తం తప్పుల్లేకుండా ఒప్పజెప్పిన పిల్ల ఏ మతందైనా, ఎంతమందైనా సరే, పదో తరగతి దాకా హాస్టల్లో ఉచితంగా ఉంచుకుని తిండి పెట్టి చదివించేవాళ్ళు. చెప్పేటప్పుడు తప్పు పోయినా, మాట తట్టక ఆగిపోయినా పెద్ద టీచరమ్మ బల్లమీది గంట కొడుతుంది, మూడో గంట మోగితే దిగిపోవాలి. కొన్ని ఏళ్ళు ఒక్కరు కూడా దాటేవాళ్ళు కాదు. నేను ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే నాయన, గెలిస్తే పళ్ళికూడం చదువు, లేకుంటే తరి, మళ్ళ ఏడవరాదు అన్నాడు. సరేనన్నాను. పదమూడేళ్ళ పిల్లని, ఏం ఒప్పుకుంటున్నానో పూర్తిగా తెలుసు.

ఏ పుస్తకం ఎవరికన్నది చీట్లు వేసి తీసేవాళ్ళు. ఆ ఏడు చిన్న ప్రవక్తల వంతు. నా పక్క బెంచీ పిల్లకి ఒబదియా వచ్చింది, ఆ పుస్తకం మొత్తం ఒకే ఒక్క అధ్యాయం, అది ఎగిరి గంతేసింది. ఇంకొకతెకి యోనా వచ్చింది, నాలుగు అధ్యాయాలైనా చేప కడుపులో మనిషి కథ, కథ కాబట్టి గుర్తుంటుంది. ఆమోసు వచ్చిన పిల్ల తొమ్మిది అధ్యాయాలని విని అక్కడికక్కడే ఏడుపు లంకించుకుంది. నాకు ఆబకూక్. మూడు అధ్యాయాలు, కథ లేదు, చేప లేదు, అంతా తగవులాట, చివర పాట, మధ్యలో దండెత్తి వచ్చే నోరు తిరగని కల్దీయులు. అదృష్టం ఒబదియా దగ్గరే ఆగిపోయిందని ఇంటిదాకా బస్సులో గొణుక్కుంటూనే వచ్చాను.

ఇంట్లో పుస్తకం ముందేసుకుని బట్టీ పట్టడం మొదలుపెడితే నాలుగు రోజులకి నాలుగు వాక్యాలు కూడా నిలవలేదు. పాత తమిళం, గ్రాంథికం, నోట్లో రాళ్ళు వేసుకున్నట్టుండేది. అయిదో రోజు అవ్వ దొడ్లో గొర్రెలకి ఆకు వేస్తూ, ఏందే అది, ఎవరిని తిడతా ఉండావు అని అడిగింది. నేను కాదవ్వా, ఈయన దేవుణ్ణి అడుగుతున్నాడు, ఎన్నాళ్ళు అరవాల, నీకు వినబడదా అని, అన్నాను. అవ్వ చేతిలో ఆకు కింద పడేసింది.

“ఏమే, ఈయప్ప కూడా నా మాదిరే సామితో కొట్లాడినాడా? యా ఊరాయన?”

ఊరు రాసిలేదని చెప్పాను. వాన లేని ఊరే అయింటుందిలే అని తీర్మానించేసింది. ఆ రోజు నుంచి ఆబకూక్ మా అవ్వకి సొంత మనిషైపోయాడు. సాయంత్రం గొర్రెలు దొడ్డికి చేరగానే, ఈ దినం ఆయప్ప ఏం చెప్పినాడే అని అడిగేది. ఆమెకి చదువు రాదు, ఆ పుస్తకం తమిళం అసలే అర్థం కాదు, అందువల్ల నేను ముందు ప్రతి మాటా అర్థం చేసుకుని మా ఇంటి తెలుగులో చెప్పాలి, ఆమెకి తృప్తి కలిగితేనే తరవాతి మాటకి పోనిచ్చేది. కల్దీయుల గుర్రాలు చిరుతపులులకన్నా వేగమని చెబితే, ఎట్ల పరిగెత్తినాయో చేత్తో చూపీ అనేది. వాళ్ళు మనుషులని గాలం వేసి చేపల్లాగా లాగారని చెబితే తనే లాగి చూపించేది. రెండో అధ్యాయంలో అయ్యో, అయ్యో అని వరసగా అయిదు శాపాలు వస్తాయి, ఊరికే చదివితే ఏది ముందో ఏది వెనకో అంతు చిక్కదు. అవ్వ వాటికి తన శోకాల పద్ధతి పట్టించింది. ఒక్కొక్క అయ్యోకి ఒక్కొక్క వేలు మడిచి, తొడమీద చరిచి, తరవాతిది అందుకోవడం. అట్లా తెలుగులో కుదిరాక, అవే చేతులతో అదే వరసలో తమిళం చెబితే, నాలుగు రోజులు కూర్చున్నా నిలవని మాటలు వారంలో వచ్చేశాయి.

ఆ శాపాల్లో అయిదోది చెక్కకీ రాతికీ మొక్కేవాళ్ళ మీద. అది అవ్వకి చెప్పడానికి భయపడి, గొంతు తగ్గించి గబగబా దాటేయబోయాను. ఆమె చెవి మహా చురుకు, ఆపి మళ్ళీ చెప్పించుకుంది. నేను తల దించుకున్నాను. అవ్వ, చెప్పనీలే, కోపం వచ్చిననాడు నేను మన సామిని రాయీ అని తిట్టలేదా అంది. వీధిలో వాళ్ళు ఈ పిల్లని మతంలో కలిపేసుకుంటారేమో చూసుకో అని హెచ్చరించడానికి వచ్చినప్పుడు కూడా ఆమె ఇట్లాగే, ఆయప్ప నా మనవరాలిని ఏమీ చేయడు, నేను చూసుకుంటా అని పంపించేసింది. ఆయప్పని కూడా తనే చూసుకుంటానన్నట్టుండేది ఆ మాట.

పేచీ మూడో అధ్యాయం చివర వచ్చింది. అన్నన్ని తగాదాలు పడ్డ మనిషి చివరికి ఏమంటాడంటే, అత్తిచెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ పంట దక్కకపోయినా, పొలంలో గింజ లేకపోయినా, దొడ్లో గొర్రెలూ కొట్టంలో ఎడ్లూ లేకపోయినా, నేను దేవుడియందు సంతోషిస్తాను అంటాడు. ఒలీవ ఏమిటే అంది అవ్వ. దానినుంచి నూనె తీస్తారవ్వా అంటే, అయితే నువ్వులని చెప్పు అంది. అక్కడిదాకా బాగానే ఉంది, సంతోషం మాట వినగానే ఆమె మొహం మారిపోయింది.

“ఏమీ లేకుండా సంతోషమా? ఆయప్పకి మతి పోయిందా? ఇంతసేపూ బాగానే అడిగినాడే, కడపట వచ్చి ఇట్ల విడిచిపెట్టేసినాడే!”

నేను రాసింది కాదవ్వా అన్నా వినలేదు. మూడు సాయంత్రాలు నన్ను దగ్గరికి రానివ్వలేదు, ఆబకూక్ పేరెత్తితే మొహం తిప్పుకుంది. ఆ ముక్క ఒక్కటీ చేతులు లేకుండా, అవ్వ లేకుండా, పుస్తకం చూసి బట్టీ పట్టాను. అది నా నోట ఎంతకీ గట్టిపడలేదు.

నాలుగో రోజు మేత కొనే దారిలేక నాయన గొర్రెలన్నిటినీ తోలుకుపోయి అమ్మేసి వచ్చాడు. నేను బడినుంచి వచ్చేసరికి దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది, అవ్వ లోపల ఒట్టి నేలమీద కూర్చుని ఉంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను, ఆమె ఏదీ చేయలేదు. నన్ను చూడగానే, ఆ కడపటి మాట మళ్ళ చెప్పు అంది. చెప్పాను. దొడ్లో గొర్రెలు లేకపోయినా అన్నచోట ఆగాను, అవ్వ చెయ్యెత్తి ఆగవద్దంది. చివరిదాకా విన్నాక ఆమె లేచి, చీర కొంగు దులుపుకుని, ఎవరూ చావలేదు, కొడుకూ కోడలూ మనవరాలూ ఉండారు, ఆయప్ప చెప్పినాడంటే చూసే చెప్పినాడు అని, నాలుక మడిచి కులవ పెట్టింది. నాట్లు వేసేటప్పుడూ పెళ్ళిళ్ళలోనూ మా వైపు ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ లులులుమని పెట్టే కులవ, మీరు వినే ఉంటారు. ఖాళీ దొడ్లో అది వినడం నాకు అదే మొదటిసారి. పక్కింటివాళ్ళు ఏం శుభకార్యమోనని తొంగిచూశారు. ఆ సాయంత్రమే ఆమె ఆ ముక్కకి కూడా చేతులు కుదిర్చింది, తొడ చరుపులు కావు, రెండు చేతులూ పైకి.

పోటీ శనివారం. సోమవారం తరిశాలలో చేరవలసిన రోజు. నాయన భుజాన తువ్వాలు వేసుకుని, అమ్మనీ అవ్వనీ వెంటబెట్టుకుని, పొద్దుటి బస్సులో రాజపాళయం వచ్చాడు. హాలు నిండిపోయింది, మావాళ్ళు వెనక గోడ పక్కన నేలమీద కూర్చున్నారు. వేదికమీద పెద్ద టీచరమ్మ, ఆమె ముందు గంట, పక్కన ముఖ్య అతిథిగా మిల్లు నడిపే తెలుగు రాజుల ఇంటి అమ్మగారు. పెద్ద టీచరమ్మ తిరునల్వేలి వైపు మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు, నవ్వు అంతకన్నా రాదు, కాని పక్షపాతం ఎరగదని బడంతా చెప్పుకునేది. ఒబదియా పిల్ల ఒక్క గంటతో దాటేసి కిందికి ఉరికింది. యోనా పిల్ల చేప కడుపులోంచి బయటికి రాకముందే మూడు గంటలూ మోగాయి.

నా వంతు వచ్చింది. సుద్దతో గీసిన గీతమీద నిలబడగానే పెద్ద టీచరమ్మ, చేతులు రెండూ వెనక్కి కట్టుకో అంది. అందరికీ అదే నియమం, నేనే ముందుగా గమనించుకోలేదు. కట్టుకున్నాను. మొదటి నాలుగు మాటలు బాగానే వచ్చాయి. గుర్రాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదలాలని చూసింది, కదలలేదు, చిరుతపులుల ముందు తోడేళ్ళు వచ్చి పడ్డాయి. గంట మోగింది. రెండో అధ్యాయంలో శాపాలకి మడవడానికి వేళ్ళు వెనక చిక్కుకుని ఉన్నాయి, మూడో అయ్యో ఎగిరిపోయి నాలుగోది ముందుకొచ్చింది. రెండో గంట మోగింది. అప్పటికి నా పావడా వెనక భాగం చెమటతో తడిసిపోయింది. ఎట్లాగో లాక్కుంటూ మూడో అధ్యాయం చివరికి వచ్చాను. అత్తిచెట్టు ముందు నిలబడి ఆగిపోయాను. ఒక్క మాట లేదు, తలకాయ ఖాళీ. హాల్లో ఎవరో దగ్గారు. సోమవారం గుర్తొచ్చింది. ఎదురుగా వెనక గోడ దగ్గర నాయన మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చుని ఉండటం కనిపించింది, నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద అంటే చెప్పలేను, రాని వానమీద, ఆ గంటమీద, వెనక్కి కట్టుకున్న చేతులమీద. పెద్ద టీచరమ్మ వేలు గంటమీదికి పోవడం చూస్తూనే చేతులు విదిలించి పైకెత్తేశాను.

“అత్తిమాను పూయకున్నా, పందిట్లో ద్రాక్ష కాయకున్నా, నువ్వుచేను ఎండినా, దొడ్లో గొర్రె లేకున్నా, కొట్టంలో ఎద్దు లేకున్నా, నేను సంతోషంగానే ఉంటాను!”

చెబుతున్నది తెలుగని నాకు తెలియదు. మాట వచ్చింది, అంతే తెలుసు. తీరా చూస్తే పెద్ద టీచరమ్మ వేలు గంటమీదే ఆగిపోయి ఉంది, ఆమె మొహంలో అంతకుముందు ఎప్పుడూ చూడని అయోమయం. తప్పో ఒప్పో తెలియకుండా గంట కొట్టే మనిషి కాదామె. అప్పుడు రాజుల ఇంటి అమ్మగారు పక్కకి వంగి, అందరికీ వినబడేట్టుగానే తమిళంలో, పిల్ల తప్పు చెప్పలేదు, మా ఇళ్ళల్లో మాట్లాడే మాటలో చెప్పింది, ఒలీవకి బదులు నువ్వులు వేసింది, తక్కినదంతా సరిగ్గానే ఉన్నట్టుంది అంది. వెనక వరసల్లో నవ్వులు. పెద్ద టీచరమ్మ నవ్వలేదు. పుస్తకంలోకి చూసింది, నా వైపు చూసింది, ఆలోచించి తీర్పు చెప్పింది. పుస్తకంలోని తమిళం ఈ పిల్ల ఇంకా చెప్పనే లేదు గనక తప్పూ లేదు ఒప్పూ లేదు, గంట కొట్టే పని లేదు. ఆ ముక్క ఇప్పుడు తమిళంలో చెప్పాలి, మాట తప్పితే మాత్రం మూడో గంటే. అంతా చెప్పి, చివర్లో గొంతు కాస్త తగ్గించి, చేతులు నీ ఇష్టం అంది.

ఆ చివరి మాట చాలింది. చేతులెత్తి అత్తిచెట్టు దగ్గర మొదలుపెట్టాను. ఒలీవని ఒలీవగానే పలికాను, గొర్రెల దగ్గర ఆగలేదు, లేడి కాళ్ళలాంటి కాళ్ళిచ్చి నన్ను ఎత్తైన చోట్ల నడిపిస్తాడన్న చివరి మాట దాకా ఒక్క అక్షరం జారకుండా చెప్పి దణ్ణం పెట్టాను. గంట మోగలేదు. అందరూ చప్పట్లు కొట్టాలా వద్దా అని పెద్ద టీచరమ్మ వైపు చూస్తుండగా వెనక గోడ దగ్గర మా అవ్వ లేచి నిలబడి కులవ పెట్టింది. పెద్ద టీచరమ్మ కుర్చీలో ఉలిక్కిపడింది. రెండో గుక్కకి అమ్మ కలిసింది, ఆమె గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. తరవాత మంసాపురం నుంచి వచ్చిన తల్లులు, హాస్టల్లో వంటచేసే ఆడవాళ్ళు, ఆఖరికి రాజుల ఇంటి అమ్మగారు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కులవ పెట్టారు. హాలు దద్దరిల్లిపోయింది. ఒబదియా పిల్ల వచ్చి నన్ను ఎత్తుకోబోతే ఇద్దరం కింద పడ్డాం. నేను జీవితంలో తరవాత చాలా చప్పట్లు విన్నాను, వాటిలో ఒక్కటీ నాకు సరిగ్గా గుర్తులేదు.

నాయన మాత్రం కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరికి పోతే తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచి, పోదాం పా అన్నాడు, అంతే. బస్సులో అవ్వ ఎదురు సీటువాళ్ళకి ఆబకూక్ ఎవరో చెప్పుకుంటూ వచ్చింది, అచ్చం మేనమామ గురించి చెప్పినట్టు. సోమవారం తెల్లవారాక నాయన తలకి పాగా చుట్టుకుని, చద్దిమూట కట్టించుకుని బయల్దేరుతుంటే, ఏ చేలోకి పోతాడీయన, చేలో ఏముందని, అని అమ్మ అడిగింది.

“మన ఇంటినించి ఒకరు వస్తారని తరిశాలలో మాట ఇచ్చినాను గదా. నేనే పోతాను.”

పుట్టినప్పటినుంచీ నాగలి తప్ప పట్టని మనిషి, తలెత్తి మేస్త్రీతో మాట్లాడటం కూడా చేతకాని మనిషి, పిల్లలూ ఆడవాళ్ళూ కూర్చునే పనిలోకి పోయి కూర్చున్నాడు. వాన ఆ ఏడు రాలేదు. ఆ పై ఏడు ఐపసిలో వచ్చేదాకా నాయన ఆ పలచటి తెల్లగుడ్డ నేస్తూనే ఉన్నాడు. సెలవులకి ఇంటికొస్తే ఆయన కనురెప్పలమీద దూది అంటుకుని ఉండేది, నేను వేలితో తీసేదాన్ని, ఆయన తీయించుకునేవాడు. ఆ గుడ్డ ఎవరెవరి గాయాలకి కట్టారో, ఎన్ని మానాయో నాకు తెలియదు. మా ఇంట్లో ఒకటి మానింది.

పదో తరగతి అయ్యాక ట్రైనింగు చేసి టీచరునై, ముప్పైనాలుగేళ్ళు పాఠాలు చెప్పి, గోడలకి కాకుండా నిజం పిల్లలకి చెప్పి, పింఛను పుచ్చుకుంటున్నాను. అవ్వ నా మొదటి ఉద్యోగం చూసి, ఆ బడి బల్లమీద ఒకసారి కూర్చుని మరీ పోయింది. నా తరవాతి ఏడు చోళపురం నుంచి ఇద్దరు పిల్లలు ఆ హాస్టల్లో చేరారు, ఆ పై ఏడు మరికొందరు, తరవాత లెక్క నేను మానేశాను. ఇప్పుడు ఆ బడిలో కంఠస్థం పోటీలు లేవు, గ్రంథమంతా ఫోనులో ఉన్నప్పుడు తలలో మోసే పని ఎవరికి? మా ఊరి రేగడి చేలలో సగం ఇళ్ళ స్థలాలైపోయాయి, కొడుంపావి లాగడం నా తరవాతివాళ్ళు చూడలేదు, మా తెలుగులో నేను ఒక మాట అడిగితే మనవలు తమిళంలో జవాబిస్తారు. వీటిల్లో కొన్నిటికి బాధపడతాను, కొన్నిటికి పడను. ఇప్పుడు నేనుండే రాజపాళయంలో పొద్దున్నే కూరగాయలకి పోయినప్పుడు చోళపురం బస్సు వచ్చి ఆగుతుంది, అందులోంచి ముప్పై నలభైమంది ఆడపిల్లలు సంచులు తగిలించుకుని బిలబిలమంటూ దిగుతారు, ఒకతె జడ ఊడిపోయి ఉంటుంది, ఒకతె హోంవర్కు ఇంకా రాస్తూనే ఉంటుంది, ఎవరూ ఎవరికీ ఏదీ ఒప్పజెప్పకుండానే బడికి పోతారు. పోవడం గొప్ప సంగతని వాళ్ళలో ఒక్కదానికీ తెలియదు. వాళ్ళని ఆపి చెబుదామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను గాని, బడికి ఆలస్యమవుతుంది, పోనీలే అని దారి వదిలేశాను.